పాత గాజు సీసాలలో ఇంటి నిల్వ పదార్థాలు: ఎంపిక, శుద్ధి, వినియోగం

ప్రకాశం జిల్లా చీమకుర్తి ప్రాంతంలో మిరప కోతలు ముగిసి మామిడికాయ బజారుకు వచ్చే వేళకు గాజు సీసాలకు గిరాకీ పెరుగుతుంది. పండుమిర్చి, గోంగూర, టమాటా, ఆవకాయ పచ్చళ్లు ఒకదాని వెనుక ఒకటి సిద్ధమవుతాయి. వెనుకటి తరం వీటిని పెద్ద జాడీలలో పెట్టి వాసెన కట్టి అటక మీద దాచేది. నేటి కుటుంబాలు చిన్నవి. ఊళ్లో తయారైన పచ్చడి హైదరాబాదుకో, బెంగుళూరుకో అరకిలో, కిలో చొప్పున ప్రయాణం చేయవలసి వస్తున్నది. స్వయం సహాయక సంఘాల మహిళలు అమ్మకానికి చేసే పచ్చళ్లకు కూడా అరకిలో సీసాయే అనువైన కొలత. కొత్త సీసాలను తక్కువ సంఖ్యలో కొంటే ధర ఎక్కువ. అందువల్ల చాలామంది పాత సామాన్ల దుకాణాల నుంచి కాఫీ పొడి, జాము, తేనె, పచ్చడి, బలవర్ధక పానీయాల పొడి ఉండి ఖాళీ అయిన సీసాలను కొని వాడుతున్నారు.

ఈ సీసాలు వాడవచ్చునా అని విస్తరణ సిబ్బందిని అడిగినప్పుడు 'వాడకండి' అని ఒక్క మాటలో చెప్పడం సులభం. అయితే ఆ సలహాను ఎవరూ పాటించరు. హార్లిక్స్ సీసాలో ఆవకాయ పెట్టని ఇల్లు కోస్తా జిల్లాలలో అరుదు. 'కడిగి వాడుకోండి' అనడం కూడా అంతే సులభం, కానీ అది అపాయకరం. సరైన సమాధానం రెండు ప్రశ్నల మీద ఆధారపడి ఉంటుంది. ఆ సీసాలో ఇంతకుముందు ఏమి ఉండేది? ఇప్పుడు అందులో ఏమి పెట్టబోతున్నారు? ఈ రెండింటికీ స్పష్టమైన జవాబు ఉన్నప్పుడే సీసాను పరీక్షించడం, కడగడం అనే మాటలకు అర్థం ఉంటుంది.

పచ్చడిని కాపాడేది సీసా కాదు

రెండవ ప్రశ్నను ముందుగా తీసుకుందాం. గాజు సీసాలో ఆహారాన్ని నింపి, మూత బిగించి, మరిగే నీటిలో ఉంచి నిల్వ చేసే పద్ధతిని ఫ్రాన్సు దేశస్థుడు నికోలస్ అప్పెర్ రూపొందించాడు. 1810లో ఆ ప్రభుత్వం ఆయనకు 12,000 ఫ్రాంకుల బహుమానం ఇచ్చింది. సూక్ష్మజీవుల పాత్రను లూయీ పాశ్చర్ నిరూపించడానికి ఇంకా అర్ధ శతాబ్దం పట్టింది కనుక, తన పద్ధతి ఎందువల్ల పనిచేస్తున్నదో అప్పెర్‌కు తెలియదు. 1858లో అమెరికాలో జాన్ మేసన్ మరతో బిగించే మూత గల సీసాకు హక్కు పొందిన తరువాత ఈ విధానం అక్కడి ఇళ్లలోకి విస్తరించింది. ఈ పద్ధతిలో ఆహారానికి రక్షణ రెండే రెండు: లోపలికి చేరిన వేడి, బయటి గాలిని రానివ్వని మూత. రెంటిలో ఏది విఫలమైనా పదార్థం పాడవుతుంది.

మన పచ్చడి శాస్త్రం వేరు. ఆవకాయ జాడీకి ఏనాడూ గాలి చొరని మూత లేదు. గుడ్డతో వాసెన కట్టేవారు, అంతే. ఆవకాయను కాపాడేవి మామిడికాయలోని పులుపు, ఉప్పు, ముక్కలను ముంచి ఉంచే నూనె, తడి తగలనివ్వని శ్రద్ధ. ఉప్పు నీటిలోని తేమను సూక్ష్మజీవులకు అందకుండా బంధిస్తుంది. ఆమ్లం వాటి పెరుగుదలను అడ్డుకుంటుంది. నూనె గాలిని ఆపి బూజును నివారిస్తుంది. ఉప్పునీటిలో లేదా నిమ్మజాతి రసంలో ఊరవేసే పచ్చళ్లలో ఉప్పే ప్రధాన సంరక్షకం అయినప్పుడు అది 12 శాతానికి తగ్గరాదని, అంటే తయారైన పదార్థం కిలోకు 120 గ్రాములు ఉండాలని భారత ఆహార భద్రతా ప్రమాణాలు చెబుతున్నాయి. మన పెద్దల చేతి కొలతలు ఈ అంకెకు దూరంగా ఉండేవి కావు. ఆరోగ్యం పేరిట ఇప్పుడు ఉప్పు తగ్గించి, నూనె తగ్గించి, అదే నిల్వ కాలాన్ని ఆశించడం మాత్రం కొత్తగా వచ్చిన చిక్కు. ఉప్పు తగ్గించిన పచ్చడి శీతల యంత్రంలో ఉండవలసినదే.

ఈ భేదం నుంచి ఒక ముఖ్యమైన నిర్ణయం వెలువడుతుంది. పాత సీసా మూత కొంచెం వదులైనా ఆవకాయకు ప్రాణాపాయం లేదు. మహా అయితే పైన బూజు పట్టి కంటికి కనిపిస్తుంది, పారవేస్తాం. వేడితో నిల్వ చేసిన టమాటా గుజ్జుకు అదే వదులు మూత ఉంటే, ప్రమాదం కంటికి కనిపించకపోవచ్చు.

కనిపించని ప్రమాదం క్లాస్ట్రిడియం బొట్యులినం అనే సూక్ష్మజీవి వల్ల వస్తుంది. దీని సిద్ధబీజాలు మట్టిలో ఉంటాయి, 100 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మరిగించినా చావవు. గాలి లేని చోట, తేమ ఉండి, ఆమ్లత్వం తక్కువగా, అంటే పి.హెచ్. 4.6కు పైన ఉన్నప్పుడు అవి మొలకెత్తి నరాలను స్తంభింపజేసే విషాన్ని తయారు చేస్తాయి. విషం ఏర్పడిన పదార్థం రంగు, వాసన మారకుండానే ఉండవచ్చు. 1985లో కెనడాలోని వాంకూవరులో నూనెలో వేసి సీసాలో ఉంచిన వెల్లుల్లి ముద్ద తిని 36 మంది ఈ వ్యాధికి గురయ్యారు. ఆ వెల్లుల్లిలో ఆమ్లం కలపలేదు, శీతల యంత్రంలోనూ ఉంచలేదు. నూనె గాలిని ఆపింది, ఆపడమే అక్కడ కీడయింది. నూనె తేలితే చాలు, పచ్చడి చెడదు అనే మన వాడుక మాట సగమే నిజమని విద్యార్థులు గ్రహించాలి. పులుపు, ఉప్పు తోడున్నప్పుడే నూనె రక్షణ అవుతుంది.

చీమకుర్తి పరిసరాలలోని పచ్చళ్లను ఈ దృష్టితో చూస్తే మూడు తరగతులు కనిపిస్తాయి. మామిడి, నిమ్మ, ఉసిరి, చింతకాయ, గోంగూర స్వతహాగా పుల్లనివి. వీటికి బెంగ లేదు. పండుమిరపకాయ స్వతహాగా అంత పుల్లనిది కాదు. తాజా పండుమిర్చి పి.హెచ్. సాధారణంగా 4.6కు పైనే ఉంటుంది. అయితే చింతపండు, ఉప్పు కలిపి దంచడం వల్ల అది సురక్షిత పరిధిలోకి వస్తుంది. అందువల్ల పండుమిర్చి పచ్చడిలో చింతపండు రుచి కోసం మాత్రమే కాదు, నిల్వ కోసం కూడా. దానిని తగ్గించి కారాన్ని ఎక్కువగా చూపాలనుకునే తయారీదారులకు ఈ సంగతి చెప్పవలసి ఉన్నది. టమాటా ఈ గీత మీదనే నిలుస్తుంది. రకాన్ని, పక్వాన్ని బట్టి దాని పి.హెచ్. 4.3 నుంచి 4.9 వరకు ఉంటుంది. బాగా మగ్గిన పండులో పులుపు ఇంకా తగ్గుతుంది. ఇక కోడిమాంసం, మేకమాంసం, రొయ్యల పచ్చళ్లు పూర్తిగా వేరే జాతి. ఇవి ఆమ్లం లేని పదార్థాలు. నిమ్మరసం పైపైన పిండినంత మాత్రాన ముక్క లోపలికి పులుపు చేరదు. వీటిని ఏ సీసాలో పెట్టినా, అది కొత్తదైనా పాతదైనా, గది వాతావరణంలో నెలల తరబడి ఉంచమని విస్తరణ సిబ్బంది ఎవరికీ సలహా ఇవ్వరాదని నా అభిప్రాయం.

సీసా గతం

ఇప్పుడు మొదటి ప్రశ్న. పత్తి, మిరప పండే నేలలో ఈ ప్రశ్నకు ఉన్న బరువు ఇతర ప్రాంతాలలో లేదు. ఈ రెండు పంటలూ పురుగుమందులు అధికంగా వాడే పంటలు. మందు సీసాలు, డబ్బాలు పొలం గట్టు నుంచి తుక్కు సామాను గోతంలోకి, అక్కడి నుంచి దుకాణానికి చేరే మార్గం తెరిచే ఉంది. పురుగుమందులు ఇప్పుడు ఎక్కువగా ప్లాస్టిక్ డబ్బాలలో వస్తున్న మాట నిజమే. కానీ మిగిలిన మందును చిన్న గాజు సీసాలోకి వంచి ఇంట్లో దాచుకోవడం, పక్క రైతుకు ఒక జాము సీసాలో పోసి ఇవ్వడం పల్లెలలో అసాధారణం కాదు. అటువంటి సీసా మీద జాము బొమ్మే ఉంటుంది, ఎర్ర త్రికోణం ఉండదు. చీమకుర్తికి మరొక ప్రత్యేకత గ్రానైటు. గెలాక్సీ నల్లరాయిని కోసి మెరుగుపెట్టే పనిలో రెసిన్లు, వాటిని గట్టిపరచే రసాయనాలు వాడతారు. పెద్ద డబ్బాల నుంచి కొద్దిగా తీసి కలపడానికి చేతికందిన సీసానే వాడితే, ఆ సీసా కూడా చివరికి అదే తుక్కులో కలుస్తుంది.

పాత్ర గతాన్ని పట్టించుకోకపోతే ఏమి జరుగుతుందో చెప్పడానికి 2013 జులైలో బీహారులోని ఛప్రా సమీపాన గండామన్ గ్రామ పాఠశాలలో జరిగిన ఘోరం చాలు. మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు మరణించారు. ఆహారంలో మోనోక్రోటోఫాస్ కనుగొనబడింది. వంటనూనె ఆ పురుగుమందు ఖాళీ డబ్బాలో నిల్వ ఉండటమే కారణమని దర్యాప్తులో తేలింది. అది ప్లాస్టిక్ డబ్బా అయినా, గాజు సీసా అయినా పాఠం ఒక్కటే. 1971 నాటి క్రిమిసంహారక మందుల నియమావళిలోని 44వ నియమం ప్రకారం ఖాళీ మందు పాత్రలను తిరిగి వాడే వీలు లేకుండా పగులగొట్టి, నివాసాలకు దూరంగా పూడ్చిపెట్టాలి. మూడుసార్లు కడగమని మందు డబ్బాల విషయంలో ఇచ్చే సూచన పారవేయడానికి ముందు చేయవలసిన పని. అది తిరిగి వాడుకోవడానికి అనుమతి కాదు. శిక్షణలలో ఈ రెండు విషయాలు తరచు కలగాపులగం అవుతున్నాయి.

గాజు స్వయంగా వాసనలను, మందులను పీల్చుకోదు. అదే దాని గొప్ప. కానీ మూత లోపలి మెత్తటి వలయం పీల్చుకుంటుంది, మర గీతల మధ్య అంటుకున్న జిడ్డు కడుగుడుకు లొంగదు. గాజు మీద సన్నని పగులు ఉంటే అందులోనూ మిగులుతుంది. అయినా ఇక్కడ శాస్త్రం కంటే జాగ్రత్త ముఖ్యం. గతం తెలియని సీసాను ఇంట్లో చేయదగిన ఏ పరీక్షా నిర్దోషిగా తేల్చలేదు.

కాబట్టి కొనే పద్ధతి మారాలి. కలగలుపు గోతంలో నుంచి ఏరుకొనే బదులు, ఒకే చోట నుంచి ఒకే రకం సీసాలు వచ్చేటట్లు ఏర్పాటు చేసుకోవడం మేలు. హోటళ్లు, బేకరీలు, కాఫీ దుకాణాలు, వసతి గృహాలు నెలకు కొన్ని పదుల సీసాలు ఖాళీ చేస్తాయి. పాత సామాన్ల వ్యాపారితో ముందే మాట్లాడుకుని, 'అన్నా, హోటలు సీసాలు వస్తే విడిగా తీసిపెట్టు, పొలాల వైపు వచ్చినవి కలపవద్దు' అని చెప్పి నాలుగు రూపాయలు ఎక్కువ ఇవ్వడం నష్టం కాదు. తమ ఇంటిలో ఖాళీ అయిన సీసా అన్నిటికంటే ఉత్తమం. సంఘ సభ్యులు పదిమంది ఏడాది పొడవునా తమ ఇళ్లలోని సీసాలు మూతలతో సహా దాచి తెస్తే, మామిడి కాలానికి గతం తెలిసిన సీసాలు సమకూరుతాయి. మందుల దుకాణాల, ఆసుపత్రుల, ప్రయోగశాలల సీసాలను ఎటువంటి పరిస్థితిలోనూ తీసుకోరాదు. మూతి ఇరుకైన సీసాల లోపలి భాగం చేతికీ కంటికీ అందదు కనుక వాటిని కూడా వదిలివేయాలి.

పరీక్ష

గతం తెలిసిన సీసాకే పరీక్ష. మొదట మూతి. సీసాలో అతి త్వరగా దెబ్బతినే భాగం అదే. చిటికెడు దూదిని మూతి అంచు చుట్టూ మెల్లగా తిప్పితే, కంటికి కనపడని పెచ్చు ఉన్నచోట పోగులు తగులుకొని నిలిచిపోతాయి. పత్తి పండే ఊరిలో ఇంతకంటే చవకైన పరికరం లేదు. వేలితో తడమడం కంటే ఇది క్షేమం కూడా. పెచ్చు లేచిన సీసాను పచ్చడికి కూడా వాడరాదు. గరిటె తగిలి గాజు రేణువు అన్నంలోకి రావచ్చు.

తరువాత మూతి సమతలంగా ఉన్నదా అన్నది చూడాలి. చీమకుర్తిలో వంటగది అరుగు మీద నున్నని గ్రానైటు పలక దాదాపు ప్రతి ఇంటా ఉంటుంది. సీసాను దాని మీద బోర్లించి రెండు వేళ్లతో కదిపితే, అంచు ఎగుడుదిగుడుగా ఉన్న సీసా టకటకమని ఊగుతుంది. ఊగినది వేడి పదార్థాల నిల్వకు పనికిరాదు. పప్పులు, కారప్పొడులు పోసుకోవడానికి ఉంచుకోవచ్చు.

మూడవది వెలుతురు పరీక్ష. సీసాను ఎండ వైపు పట్టి మెల్లగా తిప్పాలి. గాజులో చిక్కిన గాలి బుడగ గుండ్రంగా ఉండి కదలదు. పగులు మాత్రం ఒక కోణంలో వెండి తీగలా మెరిసి మరో కోణంలో మాయమవుతుంది. అడుగుభాగం, భుజం వంగిన చోట ప్రత్యేకంగా చూడాలి. చివరగా వాసన. గోరువెచ్చని నీరు సగం పోసి, మూత బిగించి, రాత్రంతా ఉంచి, తెల్లవారి మూత తీసిన వెంటనే చూడాలి. కాఫీ, తేనె వాసన వస్తే మూత మార్చి మళ్లీ కడగవచ్చు. కిరోసిను, మందు, రంగు వాసన ఏమాత్రం వచ్చినా చర్చ అనవసరం.

మూత

సీసా కొనేవారు ధర అడిగేది గాజుకు. నిల్వను నిలబెట్టేది, చెడగొట్టేది మాత్రం మూత. పావు చుట్టుతో బిగుసుకొనే ఇనుప మూతల లోపల మెత్తటి వలయం ఉంటుంది. కర్మాగారంలో వేడి మీద మూసినప్పుడు అది మెత్తబడి సీసా అంచుకు అచ్చు పడుతుంది. ఆ గాడి ఆ సీసాకే, ఆ ఒక్కసారికే సరిపోతుంది. మరొక సీసా మీద పెట్టినప్పుడు గాడి, అంచు కలవవు. పైగా కత్తితోనో చెంచాతోనో ఎత్తి తీసిన మూత వంగి ఉంటుంది. లోపలి పూతకు గీత పడితే పచ్చడిలోని ఉప్పు, పులుపు కలిసి ఇనుమును కొద్ది వారాలలోనే తుప్పు పట్టిస్తాయి. సీసా పాతదైనా మూత కొత్తది కావాలన్నది ఇందుకే. ఈ మూతలు 53, 63, 70, 82 మిల్లీమీటర్ల వంటి నిర్ణీత కొలతలలో దొరుకుతాయి. సీసాల మూతి కొలిచి, ఒకే కొలత గలవాటిని ఏరుకుంటే కొత్త మూతలను మొత్తంగా తెప్పించుకోవచ్చు. రకరకాల సీసాలు చవకగా వచ్చాయని పోగు చేసుకున్నవారు మూతల దగ్గర చిక్కుపడతారు.

ఇంటి వాడకానికి పెట్టే ఆవకాయకు మర గల ప్లాస్టిక్ మూత చాలు. నిజానికి మొదటి మూడు రోజులు మూత బిగించకపోవడమే మంచిది. ఊట దిగుతూ, కొద్దిగా వాయువు వెలువడుతూ ఉంటుంది. మూడో రోజు తిరగకలిపి, ఉప్పు సరిచూసి, నూనె పోసిన తరువాత సీసాలకు ఎత్తే మన ఆచారంలో ఈ ఎరుక ఉన్నది. కలిపిన రోజే సీసాలకు నింపి బిగించి పంపితే, దారిలో మూత పొంగి నూనె కారిందని వచ్చే ఫిర్యాదులకు కారణం ఇదే. అప్పుడు కూడా సీసాలో పైన ఒక అంగుళం ఖాళీ ఉంచాలి.

కడగడం, వేడి చేయడం

పాత సీసాను ఇసుకతో, ఇటుక పొడితో, ఇనుప పీచుతో తోమరాదు. ప్రతి గీతా ఒక బలహీనత. వేడి తగిలినప్పుడు పగులు అక్కడే మొదలవుతుంది. చాకలి సోడా కలిపిన వేడినీటిలో గంటసేపు నానబెడితే జిడ్డు, చీటీ జిగురు రెండూ వదులుతాయి. మెత్తటి కుంచెతో రుద్ది, పారే నీటిలో కడగాలి. ఉప్పునీటి బావుల వల్ల పట్టిన తెల్లని పొర చింతపండు నీటితోనో నిమ్మతొక్కతోనో పోతుంది. పులుపుకు కూడా పోని మసక గాజు ఉపరితలం అరిగిందనడానికి గుర్తు. అటువంటి సీసా వేడికి పనికిరాదు.

సాధారణ సీసా గాజు సోడా, సున్నం, ఇసుకలతో తయారైనది. వేడికి అది వ్యాకోచించే పరిమాణం ప్రయోగశాలలలో వాడే బోరోసిలికేటు గాజు కంటే రెండున్నర రెట్లకు పైగా ఉంటుంది. లోపలి గోడ వ్యాకోచించి, బయటి గోడ చల్లగా ఉండిపోతే గాజు చీలుతుంది. మంచి సీసా ఒక్కసారిగా సుమారు 40 డిగ్రీల తేడాను ఓర్చుకుంటుంది. గీతలు పడిన పాత సీసాకు అంత ఓర్పు ఉండదు. 85 డిగ్రీల జామును 30 డిగ్రీల సీసాలో పోస్తే తేడా 55 డిగ్రీలు. అదే సీసాను 60 డిగ్రీలకు వెచ్చబెట్టి పోస్తే తేడా 25 మాత్రమే. మే నెల ఎండలో వంటగదిలోని సీసా తనంత తానే వెచ్చగా ఉండటం వల్ల పగలదు, డిసెంబరులో అదే పని చేస్తే పగులుతుంది. 'పోయిన వేసవిలో ఇలాగే పోశాను, ఏమీ కాలేదు' అనే మాటకు ఇదే సమాధానం.

అందుచేత సీసాలను గిన్నెలో అడుగున మడత గుడ్డ వేసి, చల్లని నీటిలో మునిగేటట్లు ఉంచి, నీటితోపాటు మెల్లగా మరుగుకు తెచ్చి, 10 నిమిషాలు మరగనివ్వాలి. ఇది శుద్ధి మాత్రమే కాదు, చివరి పరీక్ష కూడా. బలహీనమైన సీసా ఖాళీగా ఉండగానే నీటిలో పగిలిపోతుంది. పచ్చడితో పగలడం కంటే అది నయం. బయటికి తీసిన వేడి సీసాను గ్రానైటు అరుగు మీద నేరుగా పెట్టరాదు. మూతిని పరీక్షించిన రాయే అడుగును చీలుస్తుంది. చెక్క మీదనో, మడత గుడ్డ మీదనో ఉంచాలి. పచ్చడికైతే ఆ తరువాత ఎండలో బోర్లించి, చుక్క తడి లేకుండా ఆరనివ్వాలి. పచ్చడి సీసా విషయంలో జరిగే నష్టాలలో ఎక్కువ భాగం ఈ మిగిలిపోయిన తడి వల్లనే.

ఏ పదార్థానికి ఏ సీసా

పుల్లని పచ్చళ్లకు పై పరీక్షలు నెగ్గిన పాత సీసా నిస్సంకోచంగా సరిపోతుంది. జాముకు కూడా సరిపోతుంది. జాములో కరిగిన ఘనపదార్థాలు 65 శాతానికి తగ్గకుండా ఉండి, వెచ్చని సీసాలో వేడిగా పోసి, కొత్త మూత బిగిస్తే చక్కెర, పులుపు కలిసి దానిని కాపాడతాయి.

టమాటా గుజ్జు విషయంలో జాగ్రత్త వహించాలి. అమెరికా వ్యవసాయ శాఖ సూచనల ప్రకారం నలిపిన టమాటాకు దాదాపు అరలీటరు సీసాకు పావు చెంచా, లీటరు సీసాకు అరచెంచా సిట్రిక్ ఆమ్లం కలిపి, సీసాల పైన కనీసం అంగుళం నీరు నిలిచేటట్లు మరిగే నీటిలో వరుసగా 35, 45 నిమిషాలు ఉంచాలి. ఈ కాలం సముద్రమట్టానికి 300 మీటర్ల లోపు ప్రదేశాలకు వర్తిస్తుంది కనుక చీమకుర్తికి ఎత్తు సవరణ అక్కరలేదు. కానీ ఆ సూచన అందుకోసమే చేసిన దళసరి సీసాలకు, రెండు భాగాల కొత్త మూతలకు ఉద్దేశించినది. దానిని తుక్కు దుకాణపు సీసాకు, పాత మూతకు అన్వయించడం తగదు. ఇంటి ప్రెషర్ కుక్కరులో సీసాలు పెట్టి కూరలు, పప్పులు నిల్వ చేయాలన్న ప్రయత్నాలను కూడా ప్రోత్సహించరాదు. ఆమ్లం లేని ఆహారానికి 121 డిగ్రీల వేడి సీసా నడిబొడ్డుకు చేరి నిర్ణీత సమయం నిలవాలి. చిన్న కుక్కరు వేడెక్కే, చల్లారే వేగానికి అది చేరినదని చెప్పే ఆధారం లేదు. టమాటా ధర పడిపోయిన రోజులలో రైతు కుటుంబానికి చెప్పదగిన మేలైన మార్గం మన పాతదే: ముక్కలకు ఉప్పు పట్టించి, ఎండబెట్టి, చింతపండు కలిపి పచ్చడి చేయడం. అది పాత సీసాలోనూ ఏడాది నిలుస్తుంది.

అమ్మకానికి పెట్టేటప్పుడు

ఇంటి వాడకానికీ అమ్మకానికీ బాధ్యతలో భేదం ఉంది. 2018 నాటి ఆహార భద్రత ప్యాకేజింగు నిబంధనలు తిరిగి వాడే గాజు సీసాలను పూర్తిగా నిషేధించలేదు. అవి మన్నికగా, తేలికగా శుభ్రపరచడానికి వీలుగా ఉండాలని చెబుతున్నాయి. ఒకసారి వాడిన రేకు డబ్బాలకు ఆ వెసులుబాటు లేదు. అయితే గాజు మీద మరొక సంస్థ పేరు ఉబ్బెత్తుగా అచ్చయిన సీసాను అమ్మకానికి వాడరాదు. కొన్నవారిని అది తప్పుదారి పట్టిస్తుంది, చట్టపరమైన చిక్కునూ తెస్తుంది. రకరకాల సీసాలలో కంటికి ఒకే మట్టం కనబడినా బరువు ఒకటి కాదు కనుక, ప్రతి సీసానూ ఖాళీగా ఒకసారి, నింపి ఒకసారి తూచి నికర బరువు రాయాలి. నమోదు సంఖ్య, తయారీ తేదీ, పదార్థాల వివరం ఉన్న చీటీ తప్పనిసరి.

ఆదా లెక్క కూడా ఒకసారి వేసి చూడాలి. ఉదాహరణకు కొత్త సీసా ధరలో మూడోవంతుకు పాత సీసా దొరికిందనుకుందాం. వందలో ముప్పై పరీక్షలలో పోతే, మిగిలిన ఒక్కొక్క సీసా అసలు ధర కొత్తదానిలో సగానికి చేరువవుతుంది. దానికి కొత్త మూత, సోడా, వంటచెరకు లేదా గ్యాసు, ఒక మనిషి రోజు కూలి కలపాలి. ఇంటికి ఇరవై సీసాలు పెట్టుకునేవారికి ఈ లెక్కలో లాభం స్పష్టం. వందల సీసాలు అమ్మే సంఘానికి ఆదా దాదాపు మిగలదు. అటువంటి సంఘాలు రెండు మూడు కలిసి ఒకే కొలత కొత్త సీసాలను మొత్తంగా కొనడమే మంచిదని చెప్పడానికి వెనుకాడనక్కరలేదు.

క్షేత్ర ప్రదర్శనలో ఉపన్యాసం కంటే చేతిపని ఎక్కువ ఫలిస్తుంది. హాజరయ్యే ప్రతి మహిళనూ తన ఇంటి నుంచి రెండు పాత సీసాలు, మూతలతో సహా తెమ్మనాలి. మొదట గతం అడిగి, చెప్పలేనివాటిని పక్కన పెట్టించాలి. తరువాత దూది, రాతిపలక, వెలుతురు పరీక్షలను వారి చేతనే చేయించాలి. పి.హెచ్. కాగితం అందుబాటులో ఉంటే ఆవకాయ ఊట, పండుమిర్చి తొక్కు, చింతపండు కలపక ముందు, కలిపిన తరువాత, పక్కపక్కనే చూపించవచ్చు. పనికిరాని సీసాలను అక్కడే గోనెపట్టాలో చుట్టి పగులగొట్టి గాజు తుక్కుగా అప్పగించాలి. పగలకుండా వదిలితే అవే సీసాలు మరుసటి వారం అదే దుకాణంలో, కడిగిన మెరుపుతో, మరొక ఇంటి కోసం ఎదురుచూస్తుంటాయి.